సూది – గాడి – కంపనం: విల్చర్ టర్న్‌టేబుల్ (1961) చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

గ్రామఫోను సూది తనకు అందిన ప్రతి కదలికనూ సంగీతంగానే స్వీకరిస్తుంది. మోటారు కంపనం, నడిచేవారి అడుగుల అదురు, లౌడ్‌స్పీకరు నుంచి బల్ల ద్వారా తిరిగివచ్చే ప్రకంపన - వీటిని వేరుచేసే శక్తి దానికి లేదు. ఈ సమస్యకు అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ విల్చర్ (1917–2011) చూపిన పరిష్కారాన్ని, దాని పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సమస్య తీవ్రమైన కాలం

78 వేగపు రికార్డులలో ఈ దోషాన్ని ఉపరితలపు రొద చాలావరకు కప్పివేసేది. 1948లో కొలంబియా సంస్థ ఎల్‌పీని ప్రవేశపెట్టడంతో గాడి సన్నబడింది, రొద తగ్గింది. 1958లో స్టీరియో రికార్డులు విపణిలోకి వచ్చాక సూది పక్కలకే గాక పైకీ కిందికీ కదలవలసి వచ్చింది. నిలువు కంపనం కూడా వినబడసాగింది. పైగా ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం 1000 హెర్ట్జులతో పోలిస్తే 20 హెర్ట్జుల వద్ద సుమారు 19 డెసిబెళ్ల పెంపు అవసరం. ఆ పెంపు అదురుకూ వర్తిస్తుంది.

3. విల్చర్ పరిష్కారం

హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అకౌస్టిక్ రిసెర్చ్ సంస్థను స్థాపించిన విల్చర్, 1961 నాటి టర్న్‌టేబుల్‌లో పళ్లేన్నీ టోన్‌ఆర్మ్‌నూ ఒకే చట్రానికి బిగించి, దానిని స్ప్రింగులపై నిలిపారు. మోటారును చట్రానికి వెలుపల అమర్చి, బెల్టుతో పళ్లేన్ని తిప్పారు. పళ్లెం, ఆర్మ్ కలిసే కదులుతాయి గనుక సూదికీ గాడికీ నడుమ సాపేక్ష చలనం తగ్గింది. బరువుకు 2.5 సెంటీమీటర్లు కుంగే స్ప్రింగు సహజ పౌనఃపున్యం సుమారు 3 హెర్ట్జులు. దానికి √2 రెట్లు, అంటే దాదాపు 4.5 హెర్ట్జులు దాటిన కంపనాలను అది తగ్గిస్తుంది.

4. పరిమితి

అదే సూత్రం లోపాన్నీ సూచిస్తుంది. సహజ పౌనఃపున్యానికి చేరువైన కంపనాన్ని స్ప్రింగు తగ్గించకపోగా పెంచుతుంది. చెక్క నేలల ఇళ్లలో అడుగుల అదురు ఈ పరిధిని సమీపిస్తుంది. అందుకే టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించిన పలకపై ఉంచే పద్ధతి ఏర్పడింది. అయినా థోరెన్స్ టీడీ 150, స్కాట్లండు లిన్ సోండెక్ ఎల్‌పీ12 ఈ నిర్మాణాన్నే అనుసరించాయి.

5. ముగింపు

1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కును కాంతికిరణం చదువుతుంది. దాని స్థానాన్ని సర్వో వ్యవస్థ సరిదిద్దుతుంది. సూది తొలగినా కంపన నిరోధక పాదాల వ్యాపారం ఆగలేదు. వాల్వులు కంపనానికి స్పందిస్తాయి గనుక వాల్వు యాంప్లిఫయర్ విషయంలో ఆ పాదాలకు హేతువుంది. ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్‌కు అదే ఫలితాన్ని ఆపాదించేవారు కంపనం ఏ మార్గాన విద్యుత్ సంకేతంగా మారుతున్నదో నిరూపించాలి. 60 డాలర్లలోపు ధరకు లభించిన విల్చర్ యంత్రం ఆ మార్గాన్ని ముందుగా గుర్తించి, తరువాతే దానిని అడ్డగించింది. గృహ శ్రవణ పరికరాల చరిత్రలో దాని విలువ ఈ క్రమంలోనే ఉంది.