మేజోళ్ల చేతియంత్రం: మడమ నేర్పే పాఠం

యంత్రం వస్తే చేతి నేర్పుతో పని తీరిపోతుందని మనం అనుకుంటాం. మేజోళ్లు అల్లే పాత చేతియంత్రం చరిత్ర చూడండి.

1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే చట్రాన్ని రూపొందించాడు. అది బల్లపరుపుగానే అల్లేది. అంచులు కలిపి కుట్టుకోవలసి వచ్చేది. 19వ శతాబ్దంలో గొళ్లెం సూది వచ్చింది. దాని కొనన కొక్కెం, కొక్కేన్ని మూసే చిన్న గొళ్లెం ఉంటాయి. సూది లేస్తే గొళ్లెం తెరుచుకుంటుంది, దిగితే మూసుకుంటుంది. ఇలా పాత ఉచ్చులోంచి కొత్త ఉచ్చు వస్తుంది. ఈ సూదులను గుండ్రని సిలిండర్ చుట్టూ నిలిపి పిడి తిప్పితే, అతుకులేని గొట్టంలా అల్లిక దిగుతుంది.

అయితే మేజోడు ఉత్త గొట్టం కాదు కదా! మడమ దగ్గర వంపు తిరగాలి. అక్కడ సగం సూదులను పైకెత్తి పనిలోంచి తప్పించాలి. పిడిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. వరుసకొక సూదిని ఎత్తుతూ పోయి, తర్వాత ఒక్కొక్కటే దించుతూ రావాలి. కింద వేలాడే బరువు సరిగా లాగకపోతే ఉచ్చులు జారిపోతాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) నీళ్లు నిలిచిన కందకాల్లో సైనికుల పాదాలు పాడయ్యేవి. పొడి మేజోళ్లు వారికి ఒక రక్షణ. అమెరికా, కెనడాలలో రెడ్‌క్రాస్ స్వచ్ఛంద కార్యకర్తలు చేతిసూదులతోపాటు ఈ యంత్రాలతోనూ అల్లారు. మడమ కుదరని మేజోడు నడిచే కాలిని ఒరిపిస్తుంది. కాబట్టి వేగం యంత్రానిది, మడమ మాత్రం మనిషిది.

మీకు తెలిసిన ఒక యంత్రాన్ని గమనించండి. దానిలో ‘మడమ’ ఎక్కడుంది?