గోదావరి డెల్టా సంఘాల్లో యాజకత్వం

యాజకత్వం అంటే దేవునికీ ప్రజలకూ మధ్య నిలిచి అర్పణలు, ప్రార్థనలు చేసే సేవ. క్రైస్తవంలో ఈ భావనకు పునాది హెబ్రీ లేఖనాలే. ఈ సేవ ఎవరికి చెందుతుందన్న విషయంలో గోదావరి డెల్టాలోని బ్రెదరెన్, లూథరన్, కథోలిక సంఘాలది తలా ఒక దారి.

నిర్గమకాండం 19వ అధ్యాయం ఇశ్రాయేలు జనమంతటినీ యాజక రాజ్యంగా చెబుతుంది. 28వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ పని అహరోను వంశానిదైపోతుంది. ప్రతిష్ఠ తంతును లేవీయకాండం 8వ అధ్యాయం పూసగుచ్చినట్టు వివరిస్తుంది. మోషే అహరోనును నీళ్లతో కడిగి, ఏఫోదు అనే పైవస్త్రమూ పతకమూ తొడిగి, తలమీద తైలం పోస్తాడు. పొట్టేలు రక్తాన్ని అతని కుడిచెవి కొనకూ, కుడిచేతి బొటనవేలికీ, కుడికాలి బొటనవేలికీ పూస్తాడు. అహరోను గోత్రమైన లేవీయులకు కనానులో భూమి వాటా లేదు. 48 పట్టణాలూ దశమభాగాలే వారి ఆధారం. సమాజమంతా పరిశుద్ధమే కదా అని లేవీయుడైన కోరహు చేసిన తిరుగుబాటు అణగిపోయింది. హిందూ ఆలయాల్లో వంశపారంపర్య అర్చకత్వాన్ని ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం రద్దు చేయడం, 2007 సవరణ మళ్లీ గుర్తించడం చూసిన, గోదావరి మధ్య ఆలయమున్న పట్టిసీమ ప్రాంతం వారికి ఇలాంటి వంశహక్కు వివాదం కొత్తేమీ కాదు.

యూదా గోత్రీకుడైన యేసు యాజకుడెలా అవుతాడు? హెబ్రీ పత్రిక 110వ కీర్తన ఆధారంగా ఆయన్ను, వంశంతో పనిలేని యాజకుడైన మెల్కీసెదకు క్రమంలో నిలిపి, బలి ఒక్కసారితో ముగిసిందంటుంది. పేతురు మొదటి పత్రికకు విశ్వాసులందరూ యాజక సమూహమే. కొత్త నిబంధన సంఘ నాయకులను పెద్దలు, అధ్యక్షులు అంటుంది తప్ప యాజకులనదు. 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్ నాటికి యాజకులన్న పేరు బిషప్పులకు స్థిరపడింది. మధ్యయుగాలు దాన్నే బలపరిచాయి. 1520లో లూథర్ విశ్వాసులందరి యాజకత్వాన్ని ప్రకటించగా, 1563లో కథోలికుల ట్రెంటు మహాసభ గురుత్వాన్ని (యాజక పదవిని) దివ్యసంస్కారంగా పునరుద్ఘాటించింది.

డెల్టాకు ఈ చర్చను తెచ్చినవాడు ఎక్సెటర్ దంతవైద్యుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ (1795–1853). ఆంగ్లికన్ అభిషేకం కోసం డబ్లిన్‌లో చదువుతూనే, రొట్టె విరవడానికి అభిషిక్తుడు అక్కర్లేదన్న నిర్ణయానికి వచ్చి 1827 ప్రాంతంలో ఆ ప్రయత్నం మానుకున్నాడు. 1833లో భారతదేశం చేరాడు. తిరునల్వేలిలో ఉపదేశకుల అభిషేకం విషయమై ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీతో తగవుపడిన మిషనరీ రేనియస్ పక్షాన నిలిచాడు. 1836లో గ్రోవ్స్ వెంట డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యాసమేతంగా ఓడెక్కారు. ఇద్దరూ చేతివృత్తులవారే, ఏ బిషప్పూ వారి తలమీద చేయి ఉంచలేదు. మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరి, పాలకొల్లు వైపు పని విస్తరించారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో (1847–52) అక్కడి కూలీల మధ్య కూడా బోధించారు. బ్రెదరెన్ వారి గోదావరి డెల్టా మిషన్ అలా వేళ్లూనుకుంది. జీతం హామీ లేకుండా దశాబ్దాల పాటు సాగిన ఈ సేవ మెచ్చదగినది.

బ్రెదరెన్ ఆదివారపు ఆరాధనలో విశ్వాసులందరి యాజకత్వ సిద్ధాంతం కంటికి కనిపిస్తుంది. బల్లమీద ఒక రొట్టె, ఒక పాత్ర ఉంటాయి. బలిపీఠం గానీ ప్రత్యేక వస్త్రాలు గానీ ఉండవు. ఎవరో ఒక సహోదరుడు లేచి కీర్తన ఎత్తుకుంటాడు, మరొకరు ప్రార్థిస్తారు, ఇంకొకరు రొట్టె విరుస్తారు. అయితే ఈ స్వేచ్ఛ మగవారికే. స్త్రీలు ముసుగు వేసుకుని మౌనంగా ఉండడం ఆచారం. అందరూ యాజకులన్న మాట ఇక్కడ సగమే అమలైంది.

రాజమండ్రిలో 1845లో జర్మన్లు మొదలుపెట్టిన లూథరన్ పని తర్వాత అమెరికన్ల చేతికి వచ్చింది. 1869లో దాన్ని ఆంగ్లికన్లకు అప్పగించబోతుండగా, వృద్ధుడైన మిషనరీ హేయర్ తిరిగివచ్చి నిలబెట్టాడు. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. లూథరన్లలో పాస్టరు అభిషిక్తుడే, కానీ బలి అర్పించే యాజకుడు కాడు.

కథోలికుల ఏలూరు మేత్రాసనం 1976లో ఏర్పడింది. బిషప్ హస్తనిక్షేపంతో అభ్యర్థి గురువు (యాజకుడు) అవుతాడు. అతని అరచేతులకు పరిమళ తైలం పూస్తారు. విశ్వాసుల సామాన్య యాజకత్వాన్ని 1964లో రెండవ వాటికన్ మహాసభ గుర్తించినా, గురువుల యాజకత్వం స్వభావంలోనే వేరని స్పష్టం చేసింది. కథోలికుల్లో స్త్రీలకు అభిషేకం లేదు. ఆంగ్లికన్లు కూడా కలిసిన దక్షిణ ఇండియా సంఘం మాత్రం స్త్రీలను అభిషేకిస్తోంది, 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు.