నీళ్లకని బయటికొచ్చిన ముసలాయన

1892 ఏప్రిల్ 9, శనివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వయోమింగ్‌లో పౌడర్ నది మధ్య పాయ ఒడ్డున, కేసీ రాంచ్ అనే చిన్న దుంగల ఇంటికి ఎదురుగా పశువుల కొట్టం ఉంది. దాని వెనక చలికి ముడుచుకుని మీరు నక్కి ఉన్నారు. మీ పక్కన తుపాకులు పట్టుకున్న మనుషులు. రాత్రంతా గుర్రాల మీద వచ్చారు, మాట్లాడే ఓపిక లేదు. కొందరు వాగు గట్టు చాటున, కొందరు పొదల్లో. మొత్తం యాభై మంది దాకా ఉంటారు.

ఇంటి దగ్గర ఒక బండి ఆగి ఉంది. దాన్ని చూశాకే వీళ్లు తటపటాయిస్తున్నారు. తాము వెతుకుతున్న నేట్ ఛాంపియన్ లోపల ఉన్నాడని తెలుసు. ఈ బండి ఎవరిది? లోపల ఇంకెవరున్నారు? అది తేలాకే కాల్పులు మొదలుపెట్టాలని ఆగారు.

తలుపు తెరుచుకుంది. ఓ ముసలాయన బకెట్ పట్టుకుని బయటికొచ్చాడు. తొందరేమీ లేదు. పొద్దున్నే నీళ్లు తేవడానికి వెళ్లే మనిషి నడక. కొట్టం మూల తిరిగేసరికి తుపాకీ గొట్టాలు ఎదురయ్యాయి. చప్పుడు చేయొద్దని సైగ. బకెట్ ఖాళీగానే ఉండిపోయింది.

ఆయన పేరు బెన్ జోన్స్. నీళ్లకెళ్లిన మనిషి ఇంకా రాలేదేమిటని కాసేపటికి తోటివాడు బిల్ వాకర్ బయటికొచ్చాడు. అతన్నీ అలాగే పట్టుకున్నారు. ఇద్దరూ చలికాలమంతా బొచ్చు జంతువులను ఉచ్చులేసి పట్టుకుంటూ తిరిగినవాళ్లు. వాకర్ పని దొరికినప్పుడు కౌబాయ్, దొరకనప్పుడు ఇలా. రాత్రికి తలదాచుకోవడానికి చోటడిగితే లోపలివాళ్లు కాదనలేదు. ఆ ప్రాంతంలో తలుపు తట్టినవాణ్ణి వెళ్లిపొమ్మనే అలవాటు ఉండేది కాదు. వాళ్లకు ఈ గొడవతో సంబంధమల్లా అంతే.

గొడవ గడ్డి గురించి. అప్పట్లో ఈ మైదానాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి. దాని మీద మేత ఎవరిదీ కాదు, అందరిదీ. పెద్ద రాంచర్లు వేలకు వేలు పశువులను అందులో వదిలారు. స్కాట్లండ్, ఇంగ్లండ్ డబ్బు కూడా ఇక్కడికి వచ్చి పడింది. 1886–87 చలికాలం మందలకు మందలనే చంపేసింది. ఆ నష్టంలో ఉన్న పెద్దలకు తమ దగ్గర పనిచేసిన కౌబాయ్‌లే నాలుగు ఆవులు కొనుక్కుని, 160 ఎకరాల సర్కారు భూమి రాయించుకుని పక్కనే స్థిరపడటం కంటగింపైంది. మంద సొంతంగా పెట్టుకున్న కౌబాయ్‌కి పనివ్వొద్దని వయోమింగ్ పశుపోషకుల సంఘం పెద్దలు కట్టుబాటు చేశారు. 1884 చట్టం తల్లి తోడు లేని, వాత వేయని దూడల మీద పెత్తనం ఆ సంఘానికే అప్పగించింది. అంటే నిన్నటి జీతగాడు ఇవాళ దొంగ. ఛాంపియన్ మీదా ఆ ముద్రే. దొంగతనాలు అసలు జరగలేదని నేననను. కానీ దొంగ ఎవరో తేల్చవలసింది కోర్టు. ఇక్కడి జాన్సన్ కౌంటీ జ్యూరీలు తమ మాట వినడం లేదని, ఆ పెద్దలు టెక్సస్ నుంచి రోజుకు 5 డాలర్ల కూలికి మనుషులను తెచ్చారు. చంపిన ప్రతి మనిషికీ ఇంకో 50 డాలర్లు. చెయెన్ నుంచి కాస్పర్ దాకా రైలు. వెంట ఒక డాక్టరు, ఇద్దరు పత్రికల వాళ్లు. ముందు నడిచేవాళ్లలో ఈ కౌంటీకే ఒకప్పుడు షెరీఫ్‌గా చేసిన ఫ్రాంక్ కాంటన్ ఉన్నాడు.

లోపల ఎవరున్నారని జోన్స్‌నీ వాకర్‌నీ అడిగారు. ఛాంపియన్, నిక్ రే. ఇద్దరే. ఇక ఆగాల్సిన పని లేదు.

మూడోసారి తలుపు తెరుచుకుంది. నిక్ రే గుమ్మం దాటి కొన్ని అడుగులు వేశాడు. తుపాకులన్నీ ఒక్కసారి పేలాయి. చెవులు గింగురుమంటుండగానే ఇంట్లోంచి ఛాంపియన్ దూసుకొచ్చాడు. కాలుస్తూనే, నేల మీద పాకుతున్న స్నేహితుణ్ణి లోపలికి లాక్కుపోయాడు. తలుపు మూసుకుంది.

ఆ పైన దాదాపు పగలంతా ఒక్కడే. రే పొద్దున్నే ప్రాణం విడిచాడు. ఛాంపియన్ తూటాకు తూటా జవాబిస్తూ, మధ్యలో జేబు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటూ ఉన్నాడు. మీరు కొట్టం వెనక ఆ ఇద్దరు బందీల పక్కన ఉన్నారు కాబట్టి లోపల జరిగేదేదీ కనిపించదు. గోడకు తూటాలు దిగే చప్పుడొక్కటే వినిపిస్తుంది. కానీ ఆ పుస్తకంలోని రాతలు మిగిలాయి. వాటిలో వీళ్ల ప్రస్తావన ఉంది. పెద్దాయన నీళ్లకెళ్లి తిరిగి రాలేదని, చూసొస్తానని వెళ్లిన తోటివాడూ రాలేదని రాశాడు. బెన్ జోన్స్‌ని బిల్ జోన్స్ అన్నాడు. వాకర్‌కి పేరే లేదు, ఇంకొక మనిషి, అంతే. చుట్టూ తూటాలు పడుతుంటే, ఒక్క రాత్రి ఆశ్రయమిచ్చిన అపరిచితుల కోసం ఆ మనిషి బెంగపడ్డాడు. ఈ గొడవ మీద నేను చదివిన వాటన్నిటిలో నా మనసులో నాటుకుపోయింది ఆ రెండు ముక్కలే.

మధ్యాహ్నం జాక్ ఫ్లాగ్ అనే చిన్న రాంచర్ తన సవతి కొడుకుతో అటుగా వచ్చాడు. కాల్పులు జరపగానే ఇద్దరూ తప్పించుకున్నారు గానీ బండి వదిలేయాల్సొచ్చింది. దాని మీద గడ్డీ, దేవదారు చెక్కలూ పేర్చి ఇంటికి ఆనించి నిప్పు పెట్టారు. పొగ కమ్ముకుంది. కాళ్లకు మేజోళ్లతోనే ఛాంపియన్ వెనకవైపు నుంచి పరుగెత్తాడు. లోయలో కాచుకున్నవాళ్లు కాల్చేశారు. పశువుల దొంగలకు హెచ్చరిక అని ఓ చీటీ రాసి గుండె మీద గుచ్చారు.

జోన్స్, వాకర్ ఇదంతా చూశారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు, అసలు కష్టాలు వీళ్లకు ఇక్కణ్ణుంచే మొదలయ్యాయి. ఫ్లాగ్ మోసుకెళ్లిన కబురుతో బఫెలో ఊరు కదిలింది. షెరీఫ్ రెడ్ ఆంగస్ వెంట వందల మంది వెళ్లి, దాడికొచ్చినవాళ్లను టీఏ రాంచ్‌లో చుట్టుముట్టారు. గవర్నర్ నుంచి అధ్యక్షుడు హారిసన్‌కి తంతి వెళ్లింది. ఏప్రిల్ 13న సైన్యం వచ్చి వాళ్లను ప్రాణాలతో బయటికి తెచ్చింది. ఇక మిగిలింది విచారణ. హత్యలను కళ్లారా చూసి, చూసింది చెప్పగల బయటివాళ్లు ఈ ఇద్దరే.

అందుకే వాళ్లను వయోమింగ్ దాటించారు. నెబ్రాస్కాలో, ఇండియన్లకు సారా అమ్మారన్న నేరం మోపి అరెస్టు చేయించారు. అక్కణ్ణుంచి రైలెక్కించి దేశానికి ఆ చివరనున్న రోడ్ ఐలాండ్ చేర్చారు. నోరు విప్పకుండా ఉన్నందుకు తర్వాతి తేదీలు వేసిన చెక్కులు చేతికిచ్చారు. ఊరూరా పని వెతుక్కుంటూ తిరిగేవాళ్లు కదా, కనిపించకుండా పోతే అడిగేవాళ్లెవరు అన్నదే పెద్దల ధీమా.

1893 జనవరిలో చెయెన్ కోర్టులో కేసు పిలిచారు. సాక్షులు లేరు. బెయిలు మీద వెళ్లిన టెక్సస్ వాళ్లు తిరిగి రానే లేదు. నెలల తరబడి ఇంతమంది నిందితుల ఖర్చు భరించి జాన్సన్ కౌంటీ చితికిపోయింది. కేసు కొట్టేశారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. జోన్స్‌కీ వాకర్‌కీ ఇచ్చిన చెక్కులు చెల్లలేదు.