మన మొహల్లాలు: నాడు – నేడు

సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కర్నూలు నవాబుల సంగతి వ్రాద్దామని మొదట అనుకొన్నాను. తరువాత మనసు మారింది. నవాబులను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. మనం పుట్టి పెరిగిన గల్లీని గురించి వ్రాసినవారు తక్కువ. ఆ గల్లీలను విడిచి ఒక్కొక్క కుటుంబమే ఊరి చివర ప్లాట్లకు పోతున్నది. అందరూ పోకముందే తెలిసిన నాలుగు మాటలు వ్రాసి పెట్టడం మంచిదని తోచింది.

మొహల్లా అనే మాట అరబ్బీది. దాని ధాతువుకు ముడి విప్పుట, దిగుట అని అర్థాలు. అనగా బాటసారి మూటలు విప్పి దిగిన చోటు. ఫారసీలోనికి, తుర్కీలోనికి, ఉర్దూలోనికి ఆ మాట నడిచి వచ్చి మన నోళ్ళలో నిలిచింది. నంద్యాలలో చాంద్ బాడా అంటున్నామే, ఆ బాడా అంటే ఆవరణ. తెలుగువారి 'వాడ'కు అది దగ్గరి చుట్టం. కోటవీధి, బైటిపేట, నడిగడ్డ, గుడిపాటిగడ్డ అని వరుసగా పలికితే చాలు, పాత ఊరిలో లోపలేదో వెలుపలేదో సగం తెలిసిపోతుంది.

కర్నూలు పఠాన్ నవాబుల ఏలుబడిలో నంద్యాల సీమ కూడా ఉండినది. 1839లో ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దింపి తిరుచిరాపల్లికి పంపినారు. మరుసటి ఏడే ఆయన అక్కడ హత్యకు గురైనారు. కొలువుల కాలం అంతటితో సరి. ఆ తరువాత మనవారికి సేద్యము, చేతిపని, చిన్న వ్యాపారము, ఇవే దిక్కయినవి. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. 1860 దశకంలో కె.సి. కాలువ త్రవ్వినారు. శతాబ్దం ముగిసేలోగా మీటర్ గేజి రైలు వచ్చింది. 1899లో నంద్యాల మునిసిపాలిటీ అయింది. 1906లో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం పెట్టినారు. నల్లరేగడిలో పత్తి, ఊరిలో పత్తి బేరం. పని ఉన్నచోట జనం దిగుతారు, దిగినవారు తమవారి ప్రక్కనే దిగుతారు. మొహల్లా పుట్టుక ఇంతే, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

అయితే అది నిలిచింది దేనిమీద? ప్రేమ మీద అని అందరూ అంటారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. నేను చూచినంతవరకు అది గోడ మీద నిలిచింది. మన పాత ఇండ్లు మట్టిమిద్దెలు. రెండిండ్లకు నడుమ ఉమ్మడి గోడ ఒకటే. వాన కురిస్తే ఇద్దరి ఇల్లూ కురుస్తుంది. కాబట్టి ఇద్దరూ కలిసే మన్ను తొక్కవలసి వచ్చేది. ఆ గోడలో వంగి దూరేంత చిన్న తలుపు, దానిని ఖిడ్కీ అనేవారు. ఆడవారు వీధి తొక్కకుండా ఇంటినుండి ఇంటికి పోవడానికి అది దారి. మా నానీ ఉప్పుకు, నిప్పుకు, జ్వరమొచ్చిన పిల్లకు కషాయానికి ఆ ఖిడ్కీలోనుండే పోయేది. రంజాన్ నెలవంక కోసం మిద్దె ఎక్కితే మిద్దె మీదుగా పది ఇండ్లు దాటవచ్చు. మేము దాటేవాళ్లం, తన్నులు తినేవాళ్లం. ఎవరి పిల్లవాడైనా సరే, "కిస్కా బేటా రే తూ?" అని చెవి పట్టుకొనే హక్కు ప్రతి పెద్దమనిషికీ ఉండేది.

ఇరవై శేర్ల బియ్యం ఉడికే దేగు ఏ ఇంటిలోనూ ఉండదు. అది మసీదులో ఉండేది. పెండ్లికి, అఖీఖాకు, చహెల్లుంకు ఎవరు కావాలంటే వారు తీసుకొనిపోయి, తోమి తెచ్చి పెట్టాలి. షామియానా, పొడుగు నిచ్చెన, జనాజా మోసే డోలా, మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చే చెక్క తఖ్తా, అన్నీ అంతే. ఒకరికి సొంతం కానివి, అందరికీ అక్కర పడేవి.

ఇందులో దీన్ మాట కూడా ఉన్నది. ఖురానులో 'మాఊన్' అనే చిన్న సూరా మనమంతా నమాజులో చదువుతాము. మాఊన్ అంటే ఏమిటని నేను తరగతిలో అడిగితే పిల్లలు తెల్లముఖం వేస్తారు. కుండ, బొక్కెన, గొడ్డలి వంటి ఇరుగుపొరుగు అడిగి తెచ్చుకొనే సామాను అని వ్యాఖ్యాతలు చెప్పినారు. వాటిని ఇవ్వననేవారిని ఆ సూరా మందలిస్తుంది. పొరుగు ఎంతవరకు అని అడిగితే, ముందు నలభై, వెనుక నలభై, కుడిన నలభై, ఎడమన నలభై ఇండ్లు అని హసన్ బస్రీగారు చెప్పినట్లు ఇమాం బుఖారీ తమ గ్రంథంలో ఒకచోట వ్రాసినారు. లెక్క కడితే మన ఒక్కొక్క మొహల్లా దాదాపు అంతే ఉంటుంది! ట్యూనిస్‌లో పద్నాలుగవ శతాబ్దంలో ఇబ్న్ అర్‌రామీ అనే మేస్త్రీ ఉండేవాడు. పొరుగింటి ముంగిలి కనబడేట్లు కిటికీ పెట్టవచ్చునా, ఉమ్మడి గోడ ఎవరు కట్టాలి వంటి తగవుల తీర్పులతోనే ఒక పుస్తకం వ్రాసినాడు. అనగా ఈ తగవులు మనవి మాత్రమే కావు. ఇస్తాంబుల్ మహల్లేలలో వక్ఫు నిధులు ఉండేవి. పన్ను కట్టలేని పేదవాని వంతు అందులోనుండి కట్టేవారు.

ఆళ్లగడ్డలో పనిచేసిన రోజులలో ఇంకొక రకం చూచినాను. అది చిన్న ఊరు, మొహల్లాకూ మొహల్లాకూ నడుమ హద్దు పలుచన. చుట్టుప్రక్క పల్లెలలో మొహర్రం పది రోజులూ పీర్లచావిడి ఊరందరిది. పీరు ఎత్తేవారిలో, గుండం త్రొక్కేవారిలో, మొక్కుకొని చక్కెర చదివించేవారిలో హిందువులే ఎక్కువగా కనబడతారు. రోడ్డు వెంబడి శిల్పుల ఉలి చప్పుడు తెల్లవారుజామునే మొదలవుతుంది. పని ఒకచోట కుదిరితే పిల్లవానికి వేరే బడి అక్కరలేదని అక్కడ తెలిసింది. పీర్ల విషయంలో మన ఉలమాలకు అభ్యంతరాలున్నవి. ఆ చర్చ ఇక్కడ వద్దు. నేను చెప్పేది పొరుగు సంగతి.

ఇంతవరకు తీపి చెప్పినాను. చేదు చెప్పకపోతే ఇది చరిత్ర కాదు. మా నానీ ఇంటికి మూడు ప్రక్కల పొరుగు ఉండేది. ఖిడ్కీలు మాత్రం రెండే. మూడవ గోడ వెనుక దూదేకులవారి ఇల్లు. పొద్దుననుండి వింటినారి మ్రోగుతుండేది. మా మొహల్లాలో ప్రతి పరుపూ, ప్రతి రజాయీ వారి చేతి మీదుగా వచ్చినదే. వారూ అదే మసీదులో, అదే సఫ్‌లో నమాజు చదివేవారు. కాని పిల్లనిచ్చేవారు కారు, పిల్లను తెచ్చుకొనేవారు కారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, వారి పిల్లలకు ఉర్దూ రాదని మేము నవ్వేవాళ్లం. నేను నవ్వినాను, దాచుకోను. సయ్యదు, షేకు, పఠాను అని మనం వేసుకొన్న మెట్లలో వారిది అడుగుమెట్టు. ఆ గోడలో తలుపు ఎందుకు లేదని నేను నానీని ఎన్నడూ అడగలేదు.

ఖిడ్కీ మాట ఎత్తితే మా ఇంటామె వేరే మాట అంటుంది. "మీకేం, బజారున పోయేవారు. కొత్తకోడలు ఏం వండింది, ఎందుకు ఏడ్చింది, అన్నీ ఆ సందులోనుండే ఊరంతా పోతుండె. మాకు ఊపిరాడుతుండెనా?" అని. ఆమె మాటకు నా వద్ద జవాబు లేదు. కాలనీలో ఇల్లు కావాలని మొదట అడిగినదీ ఆమెయే. తప్పు పట్టలేను.

ఇప్పుడు మట్టిమిద్దెలు పోయి స్లాబులు వచ్చినవి. ప్రతి ఇంటికీ బోరు, ప్రతివానికీ సొంత గోడ. దేగుల పని ఫంక్షన్ హాలువారు, క్యాటరింగ్‌వారు చూచుకొంటున్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఊరు నలువైపులా పెరుగుతున్నది. అడిగి తెచ్చుకొనే అక్కర తగ్గేకొద్దీ అడగడానికి మొగమాటమూ పెరిగింది. పొరుగువాని పేరు తెలియకుండా ఏళ్లు గడపవచ్చునని కాలనీలకు పోయినవారే నాతో అంటున్నారు.

ఒక్క పనికి మాత్రం ఇంకా అక్కర తీరలేదు. మా బంధువులలో ఒక పెద్దామె ఊరి చివర కొత్త ఇంటిలో రాత్రివేళ కన్నుమూసింది. మంచి ఇల్లు, మార్బుల్ నేల. తెల్లవారేసరికి అక్కడ గుస్ల్ ఇవ్వడం తెలిసిన ఆడవారు ఒక్కరూ లేరు, తఖ్తా లేదు, డోలా లేదు. పాత మొహల్లాకు ఫోన్ చేసినారు. గంటలోపల ఆటోలో తఖ్తా వచ్చింది, నలుగురు ఆడవారు వచ్చినారు. వారిలో ఒకామె మా నానీ ఇంటి మూడవ గోడ వెనుక ఇంటి కోడలు. ఎవరూ ఏమీ చెప్పకుండానే కొంగు దోపుకొని నీళ్లు కాచమన్నది. జొహర్ తరువాత దఫన్ అయింది. సాయంత్రం మేమిద్దరం ఆ తఖ్తాను కడిగి, తిరిగి తీసుకొనిపోయి, మసీదు వరండాలో దాని చోట నిలబెట్టి వచ్చినాము.