పాత బూటు నుంచి ఇనుప పళ్లెం దాకా
(కొండ దారుల బ్రేకుల కథ)

కిందటి వేసవిలో రెండు రోజుల సెలవు కలిసివస్తే మన రీడింగ్ నుంచి నాలుగు కుటుంబాల వాళ్ళం సోమర్సెట్ సముద్రతీరానికి బయలుదేరాం. ఎమ్ 4, ఎమ్ 5 రహదారుల మీద ప్రయాణం హాయిగానే సాగింది. లింటన్ చూసుకుని తిరిగి వస్తూ పోర్లాక్ కొండ దిగేటప్పుడు తెలిసింది అసలు సంగతి. నాలుగు అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు కిందికి దిగే వాలు అది. బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా దిగుతున్నాం. సగం దూరం వచ్చేసరికి వెనక సీటులోని పిన్నిగారు, “ఎవరింట్లోనో పోపు మాడుతున్నట్టుందర్రా” అన్నారు. మాడుతున్నది పోపు కాదు, మన బండే. పెడలు రాయిలా గట్టిగా ఉంది, ఎంత తొక్కినా బండి మాత్రం తగ్గడం లేదు. గబగబా గేరు తగ్గించి, చేతి బ్రేకు కూడా లాగి, ఎలాగో పక్కకు తీసి ఆపాం. చక్రాల నుంచి పొగ. పిల్లలకు అది వినోదం. పెద్దలకు అరగంట దాకా మాట రాలేదు.

ఇంటికి వచ్చి గారేజీలో చూపిస్తే డిస్కులూ ప్యాడ్లూ రెండూ మార్చాలన్నారు. ఏ రకం వేయించాలన్న దగ్గర మిత్రులందరూ తలొక మాటా చెప్పారు. చవకవి చాలునన్నవారు ఒకరు, చిల్లులున్న పందెపు కార్ల డిస్కులు వేయించమన్నవారు మరొకరు. ఈ తగవు తీర్చుకుందామని చదవడం మొదలుపెడితే నూట పాతికేళ్ళ చరిత్ర బయటపడింది. మనలో చాలామంది సెలవులకు వేల్సు కొండలకూ లేక్ డిస్ట్రిక్టుకూ వెళ్ళేవారే కనుక దానిని నలుగురితోనూ పంచుకుంటున్నాం.

ముందు ఒక లెక్క. కొండ దిగే బండిని ఆపడమంటే వేడిని భరించడం. 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు వేసేదాకా యాత్రికులు నడిచో డోలీలోనో కొండ ఎక్కేవారు. 1974లో రెండవ రోడ్డు వచ్చాక ఎక్కడానికి అదీ, దిగడానికి పాతదీ ఏర్పాటు చేశారు. పైనుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుడు. 1500 కిలోల కారు అంత ఎత్తు బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడితో ఇంచుమించు 30 లీటర్ల చన్నీళ్ళు మరుగుకు వస్తాయి. అంటే పెళ్ళివంటలో ఒక గుండిగెడు ఎసరు! అంత వేడినీ అరచేయంత ప్యాడ్లూ, పళ్లేలంత ఇనుప బిళ్ళలూ మోయాలి. దిగడానికి ఎక్కడానికన్నా ఎక్కువ సమయం తీసుకోవాలని తిరుమల దారిలో నియమం పెట్టింది ఊరికే కాదు.

ఈ వేడితో మనిషి చేసిన పోరాటమే బ్రేకుల చరిత్ర. గుర్రపు బండ్ల కాలంలో ఇంగ్లండు కొండల్లో చక్రం కింద ఇనుప చెప్పు పెట్టి, చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ దిగేవారు. కొయ్యదిమ్మను చక్రానికి అదిమిపెట్టే పద్ధతీ ఉండేది. డెర్బీషైర్ కొండల్లో కొందరు బండివాళ్ళు ఆ దిమ్మ జారకుండా, త్వరగా అరగకుండా పాత బూట్లను దానికి తొడిగేవారట. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన అది చూశారు. మనలాంటివారైతే నవ్వి ఊరుకునేవాళ్ళం. ఆయన మాత్రం పాత బూటు చేసే పనిని ఇంతకన్నా బాగా చేసే వస్తువు ఏదని ఆలోచించి, 1897లో నేత పట్టీలకు తారువంటి పదార్థం పట్టించి బ్రేకు దిమ్మలు తయారు చేయడం మొదలుపెట్టారు. తరువాత చాపెల్ ఎన్ ల ఫ్రిత్ అనే ఊళ్ళో కర్మాగారం పెట్టారు. తన పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి సరుకుకు ‘ఫెరోడో’ అని పేరు పెట్టారు. మన గారేజీలలో నేటికీ కనిపించే పేరే అది.

గుర్రాలు పోయి మోటార్లు వచ్చేసరికి వేడి పెరిగింది. నూలుపట్టీ మాడిపోసాగింది. ఫ్రూడ్ 1908 ప్రాంతంలో రాతినార వైపు, అంటే ఆస్బెస్టాస్ వైపు తిరిగారు. నిప్పుకు చెక్కు చెదరని నార, పైగా చవక. ఇంకేం కావాలి? డెబ్బై ఎనభై ఏళ్ళ పాటు ప్రపంచమంతటా బండ్లు దాని మీదే ఆగాయి.

ఆ ఆగడానికి మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నార వడికిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో 33 ఏళ్ళకే ఊపిరితిత్తులు పాడై కన్నుమూసింది. ఆమె జబ్బును డాక్టర్ విలియం కుక్ అదే ఏడాది వైద్యపత్రికలో వర్ణించారు. 1931లో కర్మాగారాలకు నిబంధనలు వచ్చాయి. అయినా ఈ దేశంలో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించడానికి 1999 దాకా పట్టింది. మన వైద్య మిత్రులకు ఈ జబ్బుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముచ్చటపడి పాతకాలపు కారు కొనుక్కున్నవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. దాని బ్రేకు డ్రమ్ములోని పొడిని నోటితో గాని గాలి గొట్టంతో గాని ఊదరాదు.

ఇక ఇనుప పళ్లెం మాట. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నారు. కాని లోహం మీద లోహం రాసుకుని పుట్టే కీచుశబ్దం భరించరానిదైంది. ఆలోచన మంచిదే, దానికి తగిన ప్యాడు లేకపోయింది. అర్ధ శతాబ్దం డ్రమ్ములే ఏలాయి. డ్రమ్ముకు రెండు లోపాలు. మూసిన డబ్బా కనుక వేడి తొందరగా బయటికి పోదు. పైగా వేడెక్కి వ్యాకోచించిన డ్రమ్ము లోపలి షూకు దూరమవుతుంది. డిస్కు అలా కాదు. గాలిలో బయటే తిరుగుతుంది, వేడెక్కి ఉబ్బితే ప్యాడు వైపే ఉబ్బుతుంది.

విమానాల కోసం డన్‌లప్ వారు తీర్చిదిద్దిన డిస్కు బ్రేకులను కావెంట్రీ జాగ్వార్ వారు తమ పందెపు కారుకు అమర్చారు. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ ఆ కారుతో గెలిచారు. మరుసటి ఏడాది లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్‌ల జాగ్వార్ మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ సగటు వేగం గంటకు 100 మైళ్ళు దాటడం అదే మొదలు. ప్రత్యర్థులు మలుపుకు ఎంతో ముందే బ్రేకు వేయవలసివస్తే, జాగ్వార్ మలుపు దగ్గరిదాకా వచ్చి వేసేది. ఆగగలనన్న నమ్మకం ఉన్నవాడే వేగంగా వెళ్ళగలడు! 1955లో సిట్రోయెన్ డీఎస్‌తో డిస్కులు సంసారుల కార్లలోకి వచ్చాయి.

మనదేశానికి మాత్రం అవి ఆలస్యంగా చేరాయి. మన ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీ నుంచి వచ్చిన మారిస్ ఆక్స్‌ఫర్డే మన అంబాసిడరు. తొలి నమూనాలకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఆ బండ్లతోనే మన డ్రైవర్లు ఎందరినో ఘాట్ రోడ్ల మీద క్షేమంగా దింపారు. వారి రహస్యం బ్రేకులో లేదు, గేరులో ఉంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది వారి సూత్రం.

మరి ఇప్పుడు ఏం వేయించాలి? చరిత్ర చెప్పే జవాబు ఒకటే: అందం కోసం కాదు, వేడి కోసం ఎంచుకోవాలి. డిస్కులో ఇనుము ఎంత ఉంటే అంత వేడిని దాచుకుంటుంది. కనుక కారు తయారీదారు చెప్పిన కొలతలో, మధ్యలో గాలి సందులున్న పోత ఇనుప డిస్కే మేలు. కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. అంతకు అరిగినదాన్ని ఇంకా వాడరాదు. చిల్లుల డిస్కు చూపుకు సొగసే గాని, పదేపదే కాగి చల్లారితే చిల్లు అంచున బీట పడే ప్రమాదం ఉంది. ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్పించాలి.

ప్యాడ్లలో మెత్తని సేంద్రియ రకం చప్పుడు చేయదు, కాని వేడికి ముందుగా లొంగిపోతుంది. లోహపు పొడి కలిసినవి వేడికి నిలుస్తాయి. కాస్త శబ్దం, నల్లటి దుమ్ము భరించాలి. సిరామిక్ రకం శుభ్రమైనది, రోజువారీకి బాగుంటుంది. పందెపు ప్యాడ్లు మాత్రం వద్దు. అవి కాగితే గాని పట్టవు. చలికాలం పొద్దున పిల్లల్ని బడికి దించేటప్పుడు మొదటి సిగ్నలు దగ్గరే ఆగవలసినవాళ్ళం మనం. ఏది కొన్నా ఆర్ 90 గుర్తు చూసుకోవాలి. అసలు ప్యాడు పనితనానికి 15 శాతానికి మించి తేడా లేదని పరీక్షలో తేలితేనే ఆ గుర్తు ఇస్తారు. వేయించిన మర్నాడే కొండకు వెళ్ళరాదు. కొన్ని వందల మైళ్ళు మామూలుగా నడిపి, ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి ఒరుసుకుని కుదిరాక వెళ్ళాలి.

మనమంతా మరచిపోయేది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరినది 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడలు నేలకు దిగిపోతుంది. పెడలు గట్టిగా ఉండి బండి ఆగకపోతే తప్పు ప్యాడుది, పెడలు మెత్తబడితే తప్పు ఆయిలుది. రెండేళ్ళకొకసారి మార్పించడానికి అయ్యే ఖర్చు మనం ఒకసారి బయట భోంచేసేదానికన్నా ఎక్కువ కాదు.

మేము చివరికి కొలతకు సరిపడే మామూలు డిస్కులూ, లోహం కలిసిన ప్యాడ్లూ వేయించి, ఆయిలు మార్పించాం. శరత్కాలంలో మళ్ళీ అదే కొండకు వెళ్ళాం. ఈసారి కొండ కొననే గేరు తగ్గించి, బ్రేకును అదేపనిగా అదమకుండా అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదులుతూ దిగాం. మాడు వాసన లేదు. కింద పోర్లాక్ ఊళ్ళో బండి ఆపాక పిన్నిగారు పులిహోర డబ్బా తీస్తూ, “ఈసారి పోపు సరిగ్గా కుదిరింది” అన్నారు.