ప్రేగుల శస్త్రచికిత్సకు ముందు: దేహమునకు, మనస్సుకు సన్నాహము

ప్రేగులపై శస్త్రచికిత్స అనగానే ముందురోజు ఉపవాసము, విరేచనములు గుర్తుకు వస్తాయి. ఈ సన్నాహములకు సుదీర్ఘ చరిత్ర ఉంది. శస్త్రకర్మకు ముందు రోగికి ఆహారము పెట్టమని చెప్పిన సుశ్రుత సంహిత, ఉదర వ్యాధులు, మూలవ్యాధి, భగందరము వంటి వాటికి మాత్రము పరగడుపున చేయమని మినహాయింపు ఇచ్చింది.

ఆధునిక కాలములో ఉపవాసమునకు మరో కారణము తోడైంది. మత్తులో ఉన్నవారి కడుపులోని పదార్థములు పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోగలవు. కాన్పులలో ఇట్లు జరిగిన 66 సంఘటనలను న్యూయార్కు వైద్యుడు కర్టిస్ మెండెల్‌సన్ 1946లో ప్రచురించారు. ఆ పిమ్మట అర్ధరాత్రి నుంచి మంచినీరు కూడా ఇవ్వరాదనే నియమము బలపడింది.

పెద్దప్రేగు సూక్ష్మజీవులకు నిలయము. గాయము చీము పట్టకుండా ముందుగా ప్రేగులను శుభ్రపరచేవారు. 1973లో నికోల్స్, కాండన్‌ల బృందము ముందురోజు నియోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లను నోటి ద్వారా ఇచ్చే పద్ధతిని ప్రకటించింది. విరేచనములు మాత్రమే చేయిస్తే కలిగే మేలు స్వల్పమని తరువాతి పరిశోధనలలో తేలింది. నేడు చాలామందికి మత్తుకు 2 గంటల ముందు వరకు మంచినీరు వంటి తేట ద్రవములను అనుమతిస్తున్నారు. ప్రేగులలో అవరోధము ఉన్నవారికి ఇది వర్తించదు.

దేహమును సిద్ధపరచే పద్ధతులు ఇట్లు మారుతూ వచ్చాయి. మరి మనస్సు సంగతి?

1964లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి మత్తువైద్యుడు లారెన్స్ ఎగ్బర్ట్, ఆయన సహచరులు ఉదర శస్త్రచికిత్సలు జరిగిన 97 మందిపై చేసిన అధ్యయనమును ప్రచురించారు. కొందరికి నొప్పి ఎక్కడ, ఎందుకు కలుగుతుందో, పడకపై ఎట్లు కదలాలో, కండరములను ఎట్లు సడలించాలో ముందే వివరించారు. మిగిలినవారికి నొప్పి గురించి చెప్పలేదు. వివరణ పొందినవారికి నొప్పిమందులు దాదాపు సగమే అవసరమయ్యాయి. ఎవరికి వివరించారో తెలియని శస్త్రవైద్యులే వారిని సగటున 2.7 దినములు ముందుగా ఇంటికి పంపారు.

ఈ విషయము చదివినపుడు నాకు ఒక పెద్దాయన గుర్తుకు వస్తారు. నా ఉద్యోగపు తొలి సంవత్సరములలో ఆయనకు ప్రేగును ఉదరము పైకి తెచ్చి, మలమునకు సంచి అమర్చాము. ఆ సంగతి కుమారులకు చెప్పాము గాని, ఆయనకు చెప్పలేదు. మెలకువ వచ్చి సంచిని చూసి, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు దినములు ఎవరితోనూ మాటలాడలేదు. భయపడతారని దాచాము. దాచినందువలన ఆయన భయము తగ్గలేదు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, తానే అట్టి శస్త్రచికిత్స చేయించుకున్న నార్మా గిల్, 1958 నుంచి శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్‌తో కలిసి ఇటువంటి రోగులకు శిక్షణ ఇచ్చారు. సంచి అమర్చే చోటును ముందే గుర్తించి, రోగికి చూపించి వివరించడము నేడు మంచి వైద్యములో భాగము.

కనుక మీకు గాని, మీ వారికి గాని ఇట్టి శస్త్రచికిత్స నిర్ణయమైతే, ఏమి చేస్తారో, సంచి అవసరమవుతుందో, ఎప్పుడు లేచి నడవాలో అడిగి తెలుసుకోండి. సమాధానము చెప్పేటపుడు రోగి కూడా ఎదుట ఉండాలి.