కోటా సంధిపత్రము – అందలి యనుబంధము

రాజపుత్రస్థానమునందలి సంస్థానములు ఆంగ్లేయుల రక్షణలోనికి వచ్చిన విధమును సంధిపత్రములు తెలుపుచున్నవి. అవి చాలవఱకు నొక్క తీరుననే యుండును. కోటా విషయమున మాత్రము మూలసంధికంటె, దానికి పిదప చేర్చబడిన యొక యనుబంధమే యా రాజ్యముయొక్క గతిని నిర్ణయించెను.

కోటా చంబలునదీతీరమున నున్నది. బూందీ నేలిన హాడా చౌహానులలో నొక శాఖవారికి షాజహాను కాలమున నిది ప్రత్యేకరాజ్యమయ్యెను. 18వ శతాబ్దపు చివరిభాగమున మహారావు ఉమేదుసింగు బాల్యముననే సింహాసన మెక్కగా, ఝాలావంశీయుడగు జాలింసింగు రాజ్యభారమును వహించెను. మహారాష్ట్రసేనలును పిండారీలును ఇరుగుపొరుగు రాజ్యములను కొల్లగొట్టుచుండిన కాలమున నతడు కొందఱకు కప్పము చెల్లించియు, కొందఱతో మైత్రి నెఱపియు కోటాను కాపాడెను. భూములను కొలిపించి శిస్తును రొక్కముగా నిర్ణయించెను. ప్రజలపై పన్నులభారమును మోపినవాడును అతడే. మహారావునకు గౌరవమును, జాలింసింగునకు అధికారమును దక్కెను. ఇరువురి నడుమను స్నేహమున్నంతకాలము ఈ యేర్పాటు సాగినది.

1817 డిసెంబరు 26వ తేదీని ఢిల్లీలో కుంపిణీవారికిని కోటాకును సంధి కుదిరెను. మహారాష్ట్రులకు చెల్లుచుండిన కప్పము ఇకపై కుంపిణీకి చెల్లవలెను; మహారావును అతని వారసులును తమ దేశమునకు సర్వాధికారులు. 1818 ఫిబ్రవరిలో చేర్చిన యనుబంధము సింహాసనమును ఉమేదుసింగు సంతతికిని, పరిపాలనమును జాలింసింగు సంతతికిని శాశ్వతముగా నిచ్చెను. సర్వాధికారి యని యొక పత్రమున చెప్పబడినవానికి రెండవ పత్రము అధికారమే లేకుండ చేసినది.

1819లో ఉమేదుసింగు మృతి నొందెను. అతని కుమారుడు కిశోరసింగు మూలసంధిని చూపి తన హక్కును కోరెను. పొలిటికల్ ఏజెంటుగా నుండిన జేమ్సు టాడు అనుబంధమును నిలుపవలసినవాడయ్యెను. రాజపుత్రుల వీరగాథలను అభిమానముతో సేకరించిన టాడునకే, హాడారాజును ఎదిరించు సేనల పక్షమున నిలువవలసి వచ్చుట గమనింపదగినది. 1821 అక్టోబరు 1న మాంగ్రోలు యుద్ధమున కుంపిణీసేన జాలింసింగు పక్షమున పోరాడెను. మహారావు తమ్ముడు పృథ్వీసింగు నేలకొరిగెను. కిశోరసింగు నాథద్వారమునకు పోయి, తుదకు అనుబంధమున కొప్పుకొని మరలివచ్చెను.

1824లో జాలింసింగు మరణించెను. అతని కుమారుడు మాధోసింగును, పిమ్మట మనుమడు మదనసింగును అధికారమునకు వచ్చిరి. మహారావు రామసింగునకును మదనసింగునకును పొసగకపోగా, 1838లో ఆంగ్లేయులు రాజ్యమునే చీల్చిరి. సుమారు 12 లక్షల రూపాయల రాబడిగల 17 పరగణాలతో ఝాలావాడు సంస్థాన మేర్పడెను. కోటా కప్పములో 80,000 రూపాయలు తగ్గించి ఆ మొత్తమును ఝాలావాడునకు విధించిరి. కోటా తన వ్యయముతో నొక సేనాదళమును పోషింపవలెనని నిర్ణయించిరి.

ఆ దళము 1857లో తిరుగబడెను. అక్టోబరు 15న కోటా సంస్థానపు సైనికులే మేజరు బర్టనును, అతని యిరువురు కుమారులను చంపిరి. నగరము 1858 మార్చి వఱకు తిరుగుబాటుదారుల చేతిలో నుండెను. ఏజెంటును రక్షింపలేదని రామసింగునకు 17 గా నుండిన ఫిరంగుల వందనమును 13కు తగ్గించిరి. చేతికి అధికారమీయక తెగగోసి, పిదప అధికారము చూపలేదని శిక్షించుట యిదియే.

1896లో ఆంగ్లేయులు ఝాలావాడు రాజును పదవీచ్యుతుని గావించిరి. 1899లో ఆ 17 పరగణాలలో అధికభాగము మరల కోటాకు చేరెను. శాశ్వతమని వ్రాసిన మాట ఎనుబదియేండ్లకే చెల్లిపోయినది. 1948 మార్చి 25న కోటాయు ఝాలావాడును రాజస్థానసంఘములో నొక్కటిగా చేరెను. కోటా మహారావు భీమసింగు దానికి రాజప్రముఖు డయ్యెను.

రక్షణసంధులు సంస్థానములకు బయటిశత్రువుల భయమును తీర్చినమాట నిజము. కాని లోని తగవునకు తీర్పరి బయటివాడే యైనప్పుడు, అతని సౌకర్యమే ధర్మశాస్త్ర మగును. కోటాలో నొక్క వాక్యముయొక్క మూల్యమును రాజును, మంత్రివంశమును, ప్రజలును మూడుతరములకు పైగా చెల్లించిరి.